గోడలు దగ్గరైన దారి

“ఆ బొమ్మబండిని నా షెడ్డులోంచి తీసెయ్యమని చెప్పు,” అన్నాడు రూబెన్.

చెప్పాల్సిన మనిషి, కొడుకు డేల్, బల్లకి అవతల కూర్చుని కాఫీ తాగుతూనే ఉన్నాడు. రూబెన్ మాత్రం భార్య మార్లీస్ వైపు చూసి అన్నాడు. మార్లీస్ ఆ మాట అందుకోకుండా కూతురు సెల్మా ముందుకి యాలకుల రొట్టె పళ్ళెం జరిపింది. ఆయన ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి నుంచీ రాంటాలా వారింట్లో మాటలు ఇలాగే చుట్టుదారిన నడుస్తున్నాయి.

షెడ్డు ఆయనదే. అందులో ఉండాల్సిన ట్రాక్టరే లేదు. చూపుడు వేలూ నడిమి వేలూ పోగొట్టుకుని ఇల్లు చేరిన మనిషికి, తను మంచంలో ఉండగా పెళ్ళాం ట్రాక్టరునీ, దాని వెనక మంచు చిమ్మే బ్లోయర్‌నీ ఎవరికో అమ్మేసిందని గుమ్మంలో తెలిసింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. అప్పటి నుంచి షెడ్డులో డేల్ తెచ్చిపెట్టిన యుటిలిటీ బండి ఉంటోంది. నాలుగు చక్రాలు, అద్దాల గది, లోపల వెచ్చదనం, ముందు ఒక బ్లేడు. డేల్ పట్నంలో అలాంటి బండ్లమ్మే దుకాణంలోనే పనిచేస్తాడు. వాడి చూడమని ఇప్పించాడు. ఉంచుకుంటారో, తిప్పి పంపుతారో ఈ సాయంత్రంలోగా తేల్చమని దుకాణం యజమాని కబురు పెట్టాడు.

డేల్ తన పాట మళ్ళీ మొదలుపెట్టాడు. ఇది ఎవరైనా నడపొచ్చు, అమ్మయినా నడపొచ్చు. చలికాలమంతా దారిలో మంచు తీసింది ఇదే కదా, ఒక్కరోజైనా ఆగిందా? అన్నిటికంటే ముఖ్యం, బ్లేడుకి నోరు లేదు, వేళ్ళు తినదు.

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. రూబెన్ కుడిచెయ్యి బల్ల కిందికి పోయింది.

“బ్లేడు తోస్తుంది. తోసిందెక్కడికి పోతుంది?” అన్నాడు, ఈసారి కిటికీతో. “ఎల్మర్ దగ్గర అమ్మకానికి ట్రాక్టరుంది. దానికీ అద్దాల గది ఉంది, వెనకాల బ్లోయర్ ఉంది. పొద్దున్నే మాట్లాడాను. ఊఁ అంటే రేపు తోలుకొస్తాడు. దారి చివర హిల్యా ఇంటిదాకా మంచు తియ్యాలంటే అదే కావాలి.”

“ఆ యంత్రం మళ్ళీ ఈ వాకిట్లోకొస్తే నేనుండను,” అంది మార్లీస్.

గొంతు పెంచలేదు. పెంచే అలవాటు ఆమెకి లేదు. నవంబరులో ఆ పొద్దున బ్లోయర్ గొట్టంలో తడిమంచు ఇరుక్కుంటే, ఇంజను ఆపకుండా చెయ్యిపెట్టాడు రూబెన్. అందరూ చేసే పనే, ఈ ప్రాంతంలో వేళ్ళు తక్కువైన మగవాడు చర్చిలో వరసకొకడు కనిపిస్తాడు. ఇంజను ఆపింది మార్లీస్. యంత్రం చిమ్మిన మంచు కుప్పలో మోకాళ్ళ మీద కూర్చుని, వట్టి చేతులతో ఆ వేళ్ళు వెతికి, ఖాళీ కాఫీ డబ్బాలో వేసి తెచ్చింది కూడా ఆమే. అవి అతకవన్నారు డాక్టర్లు. ఆ డబ్బా ఏమైందో ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇద్దరిలో ఎవరిది తప్పనాలో సెల్మాకి ఎన్నడూ తెలియలేదు. ముప్పై దాటిన మనిషి, స్కూలు బస్సు నడిపి బతుకుతోంది, భర్తతో తెగదెంపులయ్యాక ఈ ఇంట్లోనే మేడమీద గదిలో ఉంటోంది. అమ్మ పక్క నిలబడితే నాన్నకి కోపం, నాన్న పక్క నిలబడితే అమ్మకి కన్నీళ్ళు. అందుకని రొట్టె ముక్క తుంచి కాఫీలో ముంచుకుంది.

తలుపు చప్పుడైంది. ఇళ్ళు వెచ్చబెట్టే నూనె ట్యాంకరు తోలే లాయిడ్ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. బూట్ల మంచు దులుపుకున్నాడు గానీ లోపలికి రాలేదు. సరస్సు మీది గాలి గురించి ఒక మాట, సాయంత్రానికి మొదలవబోయే మంచు గురించి ఒక మాట చెప్పాడు. ఆ తర్వాత, ఎవరినీ చూడకుండా, అందరూ ముమ్ము, అంటే అవ్వ, అని పిలిచే హిల్యా ఇంటికి నూనె పొయ్యలేకపోయానన్నాడు. దారి మలుపు దగ్గరే బండి రెండు పక్కలా గోడలకి రాసుకుంటోందట. వెనక్కి తీసుకొచ్చేసరికి తాతలు దిగొచ్చారట.

“ఇది రెండోసారి,” అన్నాడు. “ఊరికే మీ చెవిన వేద్దామని.”

ఫిర్యాదు చేసినట్టు కాదు. ఈ దారిలో అలా ఎవరూ చెయ్యరు. ప్రభుత్వం వారి మంచు తీసే పెద్ద యంత్రం రాంటాలా వారి గేటు దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోతుంది. అక్కణ్ణించి హిల్యా ఇంటిదాకా ఉన్న దారి చలికాలంలో ఎవరిదీ కాదు, అంటే రాంటాలా వారిది. రూబెన్ తండ్రి తీశాడు, తర్వాత రూబెన్ తీశాడు. తియ్యమని ఆవిడ అడిగిందీ లేదు, తీస్తామని వీళ్ళు చెప్పిందీ లేదు. తెల్లారేసరికి దారి తెరిచి ఉండేది, అంతే.

లాయిడ్ వెళ్ళిపోయాడు. సెల్మా అమ్మ వైపు చూసింది. మార్లీస్ కడిగిన కప్పునే మళ్ళీ కడుగుతోంది.

“ట్యాంకరు కొంచెం వెడల్పుది, అంతే,” అన్నాడు డేల్. “నేను నిన్ననే వెళ్ళొచ్చాను. దారి శుభ్రంగా ఉంది.”

ఇలాంటి మాట దొరికితే కొడుకుని వారం రోజులు దెప్పిపొడవగల రూబెన్, నోరు మూసుకుని కూర్చున్నాడు. సెల్మాకి అది వింతగా తోచింది. కోటు తొడుక్కుని బయటికి నడిచింది.

డేల్ అబద్ధం చెప్పలేదు. దారి శుభ్రంగానే ఉంది, నేల కనపడేలా గీసి ఉంది. కానీ పక్కలు చూసి సెల్మా ఆగిపోయింది. పొద్దున్నే స్కూలు బస్సు తోలడానికి పరిగెత్తడమే గానీ, ఇటు వైపు నడిచి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. రెండు వైపులా మంచు ఆమె తలకంటే ఎత్తున నిలబడి ఉంది. గుద్ది చూసింది. మంచు కాదది, బండ. చేతులు బార్లా చాపి, గోడ తగిలేదాకా ఇటు రెండడుగులు, అటు రెండడుగులు వేసి చూసుకుంది. మలుపు దగ్గర ఆ రెండడుగులు కూడా అక్కర్లేకపోయాయి. నాన్న తీసిన కాలంలో రెండు బండ్లు ఎదురుపడి తప్పుకున్న దారి ఇది.

ఎలా జరిగిందో ఆమెకి అక్కడే అర్థమైంది. నాన్న నవంబరులో మొదటి మంచుని బ్లోయర్‌తో కందకం దాటించి పొలంలోకి విసిరేవాడు. అప్పుడు బెత్తెడు మంచు కూడా లేదు కదా, ఎందుకీ హడావిడి అని చిన్నప్పుడు తామే నవ్వేవాళ్ళు. ముందు పడింది దూరం పోకపోతే, తర్వాత పడేదానికి చోటుండదు. డేల్ బ్లేడుతో పక్కకి తోశాడు. అది అక్కడే గట్టిపడింది. మళ్ళీ పడితే దాని మీదికి తోశాడు, ఎక్కినంత ఎక్కింది, మిగిలింది దారిలోకి జరిగింది. తోసిన ప్రతిసారీ గోడలు జానెడు దగ్గరయ్యాయి. క్రిస్మస్ ముందు వాన పడి ఆ పైన గడ్డ కట్టాక ఇక కదల్చడం ఎవరి తరమూ కాలేదు. రోజూ చూసేవాడికి జానెడు తేడా కనపడదు. చిన్న బండికి దారి ఎప్పటికీ చాలుతూనే ఉంటుంది.

హిల్యా ఇంటి పొగగొట్టంలో పొగ లేదు. తలుపు తీస్తే లోపల నోటి ఆవిరి కనపడేంత చలి. వంటగది కుళాయి మూతిన మంచు వేలాడుతోంది. సెల్మా పేరు పెట్టి అరిచింది. పెరట్లోని సౌనా నుంచి దగ్గు వినిపించింది.

రాళ్ళు కాగబెట్టుకుని శనివారం శనివారం చెమట స్నానం చేసే ఆ చెక్క కొట్టంలో, మెట్టు బల్ల మీద దుప్పట్లు పరుచుకుని కూర్చుంది ఎనభై దాటిన హిల్యా. చుట్టూ గిన్నెలు, రేడియో, బైబిలు, ఒక బుట్టలో ఉల్లిపాయలు. కట్టెలపొయ్యి ఉన్నది ఇక్కడొక్కచోటే. ఎన్నాళ్ళ నుంచి కాపురం ఇక్కడ పెట్టిందో చూడగానే తెలుస్తోంది.

“తలుపెయ్యి పిల్లా, వేడి పోతుంది. బట్టలిప్పి కూర్చోకు, ఇవాళ స్నానం లేదు,” అంది. నవ్వబోతే దగ్గు తెర వచ్చింది. ఆ దగ్గు సెల్మాకి నచ్చలేదు.

“ఫోన్ చెయ్యకూడదా ముమ్మూ? ఒక్క మాట చెప్తే ఏమయ్యేది?”

“ఏమని చెయ్యను? నా దారి తియ్యండర్రా అనా? ఈ వయసులో అడుక్కోవడం మొదలెట్టమంటావా?” దుప్పటి మెడ దాకా లాక్కుంది. “అయినా చెప్పేదేముంది, మీ నాన్న చూసే వెళ్ళాడుగా.”

సెల్మా పొయ్యిలో కట్టె పెట్టబోతూ ఆగింది. ఎప్పుడని అడిగింది.

“వానకి ముందురోజు. చేతికి ఆ కట్టుతోనే నడిచొచ్చాడు పాపం. మలుపు దగ్గర నిలబడ్డాడు. కర్రతో గోడని అటూ ఇటూ పొడిచాడు. అప్పుడింకా మెత్తగానే ఉంది, కర్ర సగందాకా దిగింది. నేను కిటికీలోంచి చెయ్యూపాను. ఆయనా ఊపాడు. ఇక రేపు మిషను తెస్తాడులే అనుకుని కాఫీ పెట్టుకున్నాను.” కాసేపు రొప్పి, మళ్ళీ అంది. “మర్నాడు వానొచ్చింది. మిషను రాలేదు.”

తనతో ఇంటికి రమ్మంది సెల్మా. హిల్యా వినలేదు. ఈ మంచులో రాంటాలా వారి గుమ్మం దాకా నడిచే కాళ్ళు తనకి లేవంది, మోయించుకుని వెళ్ళే సిగ్గుమాలినతనం అంతకంటే లేదంది. ఆమె నుదురు కాలిపోతోంది. సెల్మా కట్టెలు నిండా పేర్చి, వెనక్కి పరిగెత్తింది.

వంటగదిలో ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. సెల్మా కోటు విప్పకుండానే, ముమ్ము సౌనాలో జ్వరంతో పడి ఉందని చెప్పి తండ్రి ముందు నిలబడింది.

“వానకి ముందు ఆ దారి చూశావా నాన్నా?”

రూబెన్ ఏ దారి అని అడగలేదు. “చూశాను,” అన్నాడు.

“అప్పుడింకా మెత్తగా ఉందట.”

“ఉంది.”

“మర్నాడు వానని రేడియోలో చెప్తూనే ఉన్నారు.”

“నేనూ విన్నాను.”

“మరి చెప్పలేదేం?”

రూబెన్ కుడిచెయ్యి బల్ల మీదికి తెచ్చాడు. మిగిలిన వేళ్ళు కాఫీ కప్పు చుట్టూ సరిగా పట్టడం లేదు. “ఎవరడిగారు నన్ను? ట్రాక్టరు అమ్మేటప్పుడు అడిగారా? ఆ బండి తెచ్చేటప్పుడు అడిగారా?” మొదట్లో గొంతు గట్టిగానే ఉంది. “వాడే వస్తాడనుకున్నాను. నాన్నా, నావల్ల కావడం లేదు, ఏం చెయ్యాలి అని ఒక్కమాట అంటాడని చూశాను. ఇవాళంటాడు, రేపంటాడు అని...”

“నాకు తెలీదు నాన్నా,” అన్నాడు డేల్. “పనికెళ్ళే ముందు రోజూ తీశాను. ఒక్కరోజు మానలేదు. నాకు నిజంగా తెలీదు.”

“నీకు తెలీదని నాకు తెలుసు.”

అంతకంటే తండ్రి ఒక దెబ్బ కొట్టినా బాగుండేది. సెల్మా తమ్ముడి వైపు చూడలేకపోయింది. ఇరవైల్లో ఉన్న కుర్రాడు, చీకటితో లేచి గీసిన దారి. పక్కనుంచి తండ్రి చూస్తూ ఊరుకున్న దారి. సెల్మా కోపం దిగమింగి, సరే, అయిందేదో అయింది, ఎల్మర్ ట్రాక్టరే తెద్దాం, రేపు కాదు ఇప్పుడే తెమ్మందాం అంది. అమ్మని తర్వాత బతిమాలుకోవచ్చు.

రూబెన్ తల అడ్డంగా ఊపాడు. “ఇప్పుడేది తెచ్చినా ఒకటే. అది రాయి. బ్లోయర్ పళ్ళు విరుగుతాయి తప్ప గోడ విరగదు. వసంతం దాకా అంతే.”

“మరి పొద్దున్నించీ ఆ ట్రాక్టరు కోసం ఎందుకు కొట్లాడావు?”

దాని జవాబు నలుగురికీ తెలిసినదే. దారి కోసం కాదు, గెలవడం కోసం. ఇన్ని వారాలుగా ఈ ఇంట్లో ట్రాక్టరా, యుటిలిటీ బండా అని సాగిన రభసంతా, ఏదొచ్చినా బాగుపడని దారి గురించి సాగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కనీసం చల్లగా ఉంటుంది. ఇక్కడ పట్టుకోవడానికి ఆకులు కూడా లేవు.

“ఆయన్నొక్కరినే అనకు,” అంది మార్లీస్.

వంటగట్టు దగ్గర నిలబడి, తువ్వాలు మడతపెడుతోంది. మడత కుదరలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

“లాయిడ్ మొదటిసారి తిరిగొచ్చినప్పుడు నాకు ఫోన్ చేశాడు. వెళ్ళి చూశాను. ఆ గోడలేంటో, అలా వదిలేస్తే ఏమవుతుందో నాకు తెలీదా? ఈ మనిషితో ఇన్ని చలికాలాలు గడిపినదాన్ని.” తువ్వాలు కింద పెట్టింది. “చెప్తే ట్రాక్టరొస్తుంది. వస్తే మళ్ళీ ఎక్కుతాడు. ముసలావిడ దగ్గర దుప్పట్లున్నాయి, కట్టెలున్నాయి, ఎలాగో నెట్టుకొస్తుందిలే అనుకున్నాను.”

రూబెన్ తలెత్తి భార్యని చూశాడు. ఇంటికొచ్చాక ఆమెని నేరుగా చూడడం అదే మొదలు. ఇద్దరూ ఒకే గోడని చూసి, ఎవరి కారణానికి వాళ్ళు నోరు కుట్టుకుని, ఒకే మంచం మీద పడుకున్నారు. సెల్మాకి వాళ్ళ మీద అసహ్యం కలిగింది. అమ్మా నాన్నల మీద అలాంటిది కలుగుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

డేల్ లేచాడు. ఆ గోడల మధ్య పట్టే బండి తనదొక్కటే, వెళ్ళి ముమ్మూని తీసుకుని నేరుగా పట్నం ఆసుపత్రికి పోతానన్నాడు. ఆవిడ రానన్నా ఎత్తుకొస్తానన్నాడు. ఎవరూ ఆపలేదు. సెల్మా ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పింది. తర్వాత ముగ్గురూ కిటికీ దగ్గర నిలబడి ఎదురుచూశారు.

బండి తిరిగొచ్చి వాకిట్లో ఆగింది. డేల్ అద్దం దించి, ముమ్ము ఒకసారి నాన్నని రమ్మంటోందని కేకేశాడు. రూబెన్ కోటు లేకుండానే బయటికి వెళ్ళాడు. ఆయన కోటు పట్టుకుని సెల్మా వెనకాలే వెళ్ళింది.

దుప్పట్ల మధ్య హిల్యా మొహం గుప్పెడంత ఉంది. పెదవులు నల్లబడ్డాయి. లోపలికొచ్చి కాస్త వెచ్చబడి వెళ్ళమన్నాడు రూబెన్. ఆవిడ రానంది. దుప్పటిలోంచి చెయ్యి తీసి, కొత్తవాళ్ళకిచ్చినట్టు ఆయన ముందుకి చాపింది. ఏం చెయ్యాలో తెలియక రూబెన్ తన కుడిచెయ్యిచ్చాడు. ఆ మిగిలిన వేళ్ళని ఆవిడ నెమ్మదిగా పట్టుకుంది.

“థాంక్స్ రూబెన్,” అంది. “ఇన్నేళ్ళూ నా దారి తీసినందుకు థాంక్స్.”

“ఆ మాట అనొద్దు హిల్యా.”

“మీ నాన్నకి కూడా. ఆయనకి చెప్పడం కుదరలేదు.” చెయ్యి వదిలేసి డేల్ వైపు తిరిగింది. “పద బాబూ, చలేస్తోంది.”

బండి గేటు దాటి పెద్ద రోడ్డెక్కింది. సెల్మా కోటు అందించింది. రూబెన్ తీసుకోలేదు. తన చేతినే చూసుకుంటూ నిలబడ్డాడు. ఈ దారిలో మంచు తీసినవాడికి థాంక్స్ చెప్పరు. రొట్టె పంపుతారు, చేపలు పంపుతారు, ఎదురుపడితే గాలి గురించి మాట్లాడతారు. థాంక్స్ దారిన పోయేవాడికి చెప్పే మాట, ఇక మళ్ళీ కలవనివాడికి.

లోపలికొచ్చాక మార్లీస్ అడిగింది, ఏమందని. ఆవిడ తిట్టిందేమోనని ఆమె భయం. తిట్టి ఉంటే ఎంత బాగుండునో అనుకుంది సెల్మా.

“థాంక్స్ చెప్పింది,” అన్నాడు రూబెన్.

మార్లీస్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. బయట మంచు మొదలైంది. దానికోసం పొద్దున్నే లేవాల్సిన పని ఇక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.